భారత న్యాయ చరిత్రను తేదీల పట్టికగా కాకుండా చదవడం ఎలా?

ప్రశ్న:
నేను ఎల్‌ఎల్‌బీ మొదటి సంవత్సరం విద్యార్థిని. న్యాయ చరిత్ర పేపరులో 1726 చార్టరు, 1773 రెగ్యులేటింగ్ చట్టం, 1861 హైకోర్టుల చట్టం వరుసగా వస్తున్నాయి గానీ, ఒకదాని తర్వాత మరొకటి ఎందుకు అవసరమైందో బోధపడడం లేదు. పెద్దలు దారి చూపగలరా?

జవాబు:
‘ఎవరి మీద ఏ కోర్టుకు అధికారం?’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. 1773 రెగ్యులేటింగ్ చట్టాన్ని అనుసరించి 1774లో కలకత్తాలో సుప్రీంకోర్టు ఇంగ్లండు రాజు పేరున ఏర్పడింది. ఈస్టిండియా కంపెనీ సొంత కోర్టులైన అదాలతులు వేరుగా నడిచాయి. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌పై లంచం ఆరోపణ చేసిన మహారాజా నందకుమార్‌ను, 1775లో ఫోర్జరీ నేరం కింద, ఇంగ్లండు చట్టం ప్రకారం ఆ కోర్టు ఉరితీయించింది. ఆ చట్టం ఈ నేల మనుషులకు వర్తిస్తుందా అన్న వివాదం అప్పుడే రగిలింది. ఇటువంటి ఘర్షణల వల్లే 1781 చట్టం ఆ కోర్టును రెవెన్యూ వ్యవహారాలకు దూరంగా ఉంచి, వారసత్వ వివాదాలలో హిందువులకు, ముస్లిములకు వారి వారి ధర్మశాస్త్రాలే వర్తించాలన్నది. రాజు కోర్టులు, కంపెనీ అదాలతులు అనే రెండు వ్యవస్థలనూ ఒక్కటిగా కలిపినది 1861 చట్టం. నా దృష్టిలో ఈ పేపరుకు ఆయువుపట్టు 1781 చట్టమే.

మరో జవాబు:
మన ప్రాంతాన్ని కూడా కలుపుకొని చదవండి. కోస్తా, రాయలసీమ వ్యాజ్యాలు మద్రాసు హైకోర్టుకు వెళ్లేవి. తెలంగాణకు నిజాం పాలనలో హైదరాబాదు హైకోర్టు ఉండేది. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడి, 1956లో హైదరాబాదుకు తరలింది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. ఈ వారం 1781 చట్టం పాఠాన్నే ముందుగా చదువుతాను.