ఫరో గుండెను దేవుడే కఠినం చేస్తే శిక్ష ఎందుకు? యూదులు ఏమంటారు?

మారతహళ్ళి_పీజీ: మా రూమ్మేట్ ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టి జాబ్ తెచ్చుకున్నాడు. నిన్న రాత్రి దాని మీద మాటామాటా పెరిగింది. నా నుదుటన ఇలా రాసుంది, నేనేం చేసేది అన్నాడు. చర్చికెళ్ళే కుటుంబం వాళ్ళది, ఫోన్లో బైబిల్లోని నిర్గమకాండం తీసి, ఇశ్రాయేలీయుల్ని బానిసత్వం నుంచి వదలనన్న ఈజిప్టు రాజు ఫరో గుండెను దేవుడే కఠినం చేశాడు కదా, ఇందులో ఫరో తప్పేముంది అని అడిగేసరికి నాకు నోట మాట రాలేదు. అది మొదట యూదుల గ్రంథం కాబట్టి, వాళ్ళు దీనికేం చెప్తారో తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతపుస్తకాలు: ఆ అధ్యాయాలు వరసగా చదవమనండి బ్రో. దేవుడు ఈజిప్టు మీదికి పంపిన తెగుళ్ళలో (విపత్తుల్లో) మొదటి ఐదింట మొండికేసింది ఫరోనే, దేవుడు కఠినం చేశాడన్న మాట ఆరో తెగులు, అంటే పుండ్ల తెగులు దగ్గర వస్తుంది. యూదు పండితుడు మైమోనిడీస్ (1138–1204) తన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నే తోరాలో దీన్ని పట్టుకున్నాడు: ఇశ్రాయేలీయుల్ని హింసించడం ఫరో తన ఇష్టంతో మొదలుపెట్టిన పని, కాబట్టి పశ్చాత్తాపపడే అవకాశం తీసేయడమే అతనికి పడ్డ శిక్ష. ఇశ్రాయేలీయుల్ని విడిపించిన మోషే అంత మంచివాడివి అవుతావా, వాళ్ళని విగ్రహారాధనకు మళ్ళించిన రాజు యరొబాము అంత చెడ్డవాడివి అవుతావా అన్నది ఎవరూ ముందే తీర్మానించరనీ, అలా తీర్మానిస్తే ఇది చెయ్యి, అది చెయ్యకు అని ఆజ్ఞలివ్వడంలో అర్థమే ఉండదనీ అంటాడు.

జయనగర్_శారద: నుదుటిరాత అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. యూదు గురువుల చర్చల ప్రాచీన సంకలనం తల్మూద్‌లో, నిద్దా అనే భాగంలో ఒక మాట ఉంది. కడుపు పండే వేళ దేవదూత బిడ్డగా మారబోయే వీర్యపు బొట్టును దేవుడి ముందు పెట్టి, వీడు బలవంతుడా బలహీనుడా, తెలివైనవాడా మూర్ఖుడా, ధనికుడా పేదా అని అడుగుతాడట. మంచివాడా చెడ్డవాడా అని మాత్రం అడగడు. జీతం రాసుంటే ఉండొచ్చు బాబూ, రెజ్యూమెలో అబద్ధం రాసుండదు.

సందేహి: బాగానే ఉంది కానీ అసలు ముడి విప్పలేదు. రేపు నేనేం చేస్తానో దేవుడికి ఇవాళే తెలిస్తే, ఇంకోలా ఎలా చేస్తాను? దేవుడి ఎరుక మన ఎరుక లాంటిది కాదు అని మైమోనిడీస్ చెప్పిన జవాబు నాకైతే దాటవేతలా అనిపిస్తుంది. ఆయన కాలంవాడే, ఫ్రాన్స్‌లోని పోస్కియేర్ ఊరి రబ్బీ (యూదు మతగురువు) అబ్రహాం బెన్ డేవిడ్, పూర్తి చేయలేని ప్రశ్న మొదలుపెట్టకూడదని అక్కడే మందలించాడు. తర్వాత వచ్చిన యూదు తాత్త్వికుడు హస్దాయ్ క్రెస్కస్ అయితే మన ఎంపికలకూ కారణాలుంటాయని ఒప్పేసుకున్నాడు. యూదులంతా ఒకే మాట మీద ఉన్నారనుకోకండి.

పాతపుస్తకాలు: ఒప్పుకుంటా, ఆ ముడి నాకూ విడలేదు. కానీ రూమ్మేట్ విషయానికి ఇరవయ్యో శతాబ్దపు రబ్బీ ఎలియాహు డెస్లర్ మాట పనికొస్తుంది. యుద్ధంలో పోరు సరిహద్దు దగ్గరే జరిగినట్టు, మనిషి నిజంగా ఎంచుకునేది నిజం, అబద్ధం రెండూ సమానంగా లాగే చోటే. అది అందరికీ ఒకే చోట ఉండదు, పెంపకాన్ని బట్టి, చేసుకున్న అలవాటును బట్టి జరుగుతూ ఉంటుంది. ఫేక్ పెట్టడం మామూలే అనుకునే కోచింగ్ సెంటర్లో ఆరు నెలలు కూర్చున్నవాడికి అది ఎక్కడుందో మనం బయటినుంచి చెప్పలేం, అందుకే వాడిని తిట్టే ముందు నేనైతే ఆగుతాను.

మారతహళ్ళి_పీజీ: మరి ఇప్పుడు వాడేం చేయాలి? రాజీనామా చేసేస్తే ఇంటి దగ్గర అప్పులు కట్టేదెవరు?

జయనగర్_శారద: అది వాడే తేల్చుకోవాలమ్మా. తప్పు మానేయాలి, ఒప్పుకోవాలి, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవాలి అంటాడు మైమోనిడీస్. అదే తప్పు చేసే వీలు మళ్ళీ చేతికొచ్చి, చేయగలిగీ చేయకపోతే అదీ సంపూర్ణ పశ్చాత్తాపం అంటాడు. వచ్చే జాబ్ మారేటప్పుడు హెచ్‌ఆర్ మళ్ళీ అదే ఫారం పంపుతారు, అందులో మళ్ళీ అదే కాలమ్ ఉంటుంది.