ఘాట్ రోడ్డుకి స్పోర్టీ కారు: మ్యాన్యువలా, ఆటోమేటిక్కా?

సునాబెడ_150:
అందరికీ నమస్కారం. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ కొనాలని నిర్ణయించుకున్నాను. 1.5 టర్బో పెట్రోలు, 150 పీఎస్. తేలనిది గేర్‌బాక్సు ఒక్కటే. ఆరు గేర్ల మ్యాన్యువలా, ఏడు గేర్ల డీఎస్‌జీ అనే డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్కా? నేనుండేది ఒడిశా కొండల్లో సునాబెడలో, అత్తగారిది విజయనగరం. కాబట్టి పండగైనా పబ్బమైనా పొట్టంగి, సుంకి మీదుగా ఘాట్‌లో సాలూరు దిగాల్సిందే. షోరూము కుర్రాడు డీఎస్‌జీ అంటున్నాడు. మా ఆఫీసులో వాళ్లేమో స్పోర్టీ కారు ఆటోమేటిక్‌లో కొంటే కొననట్టే అంటున్నారు. ఒక్క వర్టస్ గురించే కాదు, అసలు స్పోర్ట్స్ కారుకి ఏది సరైనదో మీ వాదనలు చెప్పండి. మైలేజీ గురించి మాత్రం వద్దు, అది వేరే చోట చాలా నడిచింది.

జయపురం_క్లచ్:
మ్యాన్యువల్. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

సరే, కారణం చెబుతాను. 2013లో పోర్షే వాళ్లు 911 జీటీ3 అనే స్పోర్ట్స్ కారుని పీడీకే అనే తమ డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్‌లో మాత్రమే తెచ్చారు. ట్రాక్ మీద అదే వేగం కాబట్టి మ్యాన్యువల్ అక్కర్లేదన్నారు. కొనేవాళ్లు ఊరుకోలేదు. 2016లో 911 ఆర్ అని పరిమిత సంఖ్యలో మ్యాన్యువల్ కారు చేశారు. 2017 జీటీ3లో మ్యాన్యువల్ మళ్లీ వచ్చేసింది. ప్రపంచంలో అందరికంటే బాగా ఆటోమేటిక్ చేసే కంపెనీ చేత దాని కస్టమర్లే క్లచ్ పెడల్ వెనక్కి పెట్టించారు. వాళ్లకి కారు నడపడం రాకనా?

రాయగడ_మాష్టారు:
తమ్ముడూ, సగం కథే చెప్పావు. దాని తర్వాతి తరం జీటీ3 లెక్కలు కంపెనీవే చూడు. సున్నా నుంచి వందకి పీడీకే 3.4 సెకన్లు, మ్యాన్యువల్ 3.9. అంత ఖరీదైన కారులో అర సెకను అంటే చిన్న విషయం కాదు.

అసలు స్పోర్ట్స్ కారు ఎక్కడి నుంచి వచ్చింది? రేసు నుంచి. 1989లో ఫెరారీ 640 స్టీరింగ్ వెనక మీటలతో గేర్లు మార్చే పద్ధతిని ఫార్ములా వన్‌లోకి తెచ్చింది. మొదటి రేసు బ్రెజిల్‌లో. దారిలోనే ఆగిపోతుందని చాలామంది అనుకున్న కారుతో ఫెరారీ డ్రైవరు నైజెల్ మాన్సెల్ ఆ రేసు గెలిచేశాడు. కొన్నేళ్లలో మిగతా జట్లన్నీ అదే దారి పట్టాయి. 1997కల్లా ఎఫ్355తో ఆ పద్ధతి ఫెరారీ రోడ్డు కార్లకీ వచ్చింది. అమెరికా స్పోర్ట్స్ కారు కార్వెట్ 2020 మోడల్‌కి అసలు క్లచ్ పెడలే లేదు. రేసులో గెలిచేదాన్ని ఇంట్లో పెట్టుకోవడం నామోషీ అంటే నాకు అర్థం కాదు.

ఇంకోటి. మ్యాన్యువల్‌లో మూడు నుంచి నాలుగుకి వెయ్యబోయి తొందరలో రెండో గేరు వేశావనుకో. చక్రాలు ఇంజన్ను లాక్కుపోతాయి. యాక్సిలరేటర్ వల్ల ఇంజను తిరిగే వేగం (ఆర్‌పీఎం) మీటరులోని ఎర్ర గీత దాటితే లిమిటర్ ఆపుతుంది కానీ, చక్రాలు తిప్పితే ఏ లిమిటరూ ఆపలేదు. వాల్వులు వంగిపోతాయి. డీఎస్‌జీని అలాంటి గేరు అడిగి చూడు, వెయ్యదు.

జయపురం_క్లచ్:
మాష్టారూ, సుంకి దగ్గర లారీ వెనక ఆ అర సెకను ఎక్కడ దాచుకుంటారు?

వేగమే కావాలంటే ఈరోజు ఎలక్ట్రిక్ కార్లు మీ పీడీకేని కూడా వెనక్కి నెట్టేస్తున్నాయి. చాలావాటిలో మార్చడానికి గేర్లే ఉండవు. అప్పుడు అదే గొప్ప స్పోర్ట్స్ కారు అంటారా? నడిపే మనిషికి పని ఉండాలి. టయోటా సుప్రా 2019లో ఆటోమేటిక్‌లోనే వచ్చింది, 2022లో మ్యాన్యువల్ చేర్చారు. అది నెమ్మదని టయోటాకి తెలుసు, కొనేవాళ్లకీ తెలుసు. అన్నట్టు మీరు చెప్పిన ఆ జీటీ3లో మ్యాన్యువల్ కారు 17 కిలోలు తేలిక. అది మాత్రం చెప్పలేదు.

రాయగడ_మాష్టారు:
సుప్రా మ్యాన్యువల్‌లో గేరు దించినప్పుడు ఇంజను ఆర్‌పీఎం సరిచేసేది కంప్యూటరే. నీ కాలు కాదు. బ్రేకు మీద పాదం, యాక్సిలరేటర్ మీద మడమ పెట్టి చేసే ఆ విద్య ఇప్పుడు కారే చేస్తోంది. అంటే నీ మ్యాన్యువల్ కూడా సగం ఆటోమేటిక్కే.

బరంపురం_ఎన్‌హెచ్16:
ముందు వర్టస్ స్పోర్ట్స్ కారేనా అన్నది తేల్చండి బాబూ. నాలుగు తలుపులు, వెనక పెద్ద డిక్కీ. మా నాన్న చూస్తే పెళ్లి కారు అంటాడు.

సరదాకి అన్నాను. కానీ మన దేశంలో ఒక విచిత్రం గమనించండి. పదిలక్షల దగ్గర టాటా ఆల్ట్రోజ్ రేసర్ 2024లో వచ్చింది, 120 పీఎస్, మ్యాన్యువల్‌లో మాత్రమే ఇచ్చారు. హ్యుండాయ్ ఐ20 ఎన్ లైన్‌లో మొదట క్లచ్ పెడల్ లేకుండా గేరు మాత్రం చేత్తో మార్చే ఐఎంటీ పెట్టారు, 2023లో దాన్ని తీసేసి మామూలు మ్యాన్యువల్ ఇచ్చారు. యాభై లక్షల దగ్గరికి వెళ్లండి. 2025లో వచ్చిన గోల్ఫ్ జీటీఐ, ఆక్టావియా ఆర్‌ఎస్ రెండూ డీఎస్‌జీ మాత్రమే. మ్యాన్యువల్ కావాలని బతిమాలినా ఇవ్వలేదు. అదే కోటి దగ్గర బీఎండబ్ల్యూ ఎం2 కొనేవాడికి మాత్రం రెండూ దొరుకుతాయి. అంటే లేనివాడికి మ్యాన్యువల్ గతి, ఉన్నవాడికి ఆటోమేటిక్ సౌకర్యం, బాగా ఉన్నవాడికి మ్యాన్యువల్ సరదా. సునాబెడ తమ్ముడికి ఇరవై లక్షల లోపే రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకునే అవకాశం రావడమే అదృష్టం.

గుణుపురం_లారీ:
మీరందరూ ఎక్కడం గురించే మాట్లాడుతున్నారు. దిగడం ఎవరు చెబుతారు?

మాది లారీల కుటుంబం. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ వినేది ఒకటే, ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలి. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు, సాలూరు కింద మైదానం. ఆ దూరమంతా బ్రేకు మీద కాలు పెట్టి దిగితే డిస్కులు కాగి, పెడల్ గట్టిగానే ఉన్నా బండి ఆగదు. గేరు తగ్గించి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. మ్యాన్యువల్‌లో రెండో గేరు వేశావంటే అది రెండో గేరే. నువ్వు తీసేదాకా అక్కడే ఉంటుంది. ఆటోమేటిక్‌ని డీలో, అంటే గేర్లు అదే మార్చుకునే డ్రైవ్ మోడ్‌లో, వదిలేసి దిగితే పెట్రోలు ఆదా కోసం అది పై గేరుకి పోతుంది. ఇక నీ భారమంతా బ్రేకుల మీదే. సాలూరు వైపు దిగే కార్ల దగ్గర అప్పుడప్పుడు వచ్చే ఆ మాడు వాసన ఇదే. ఆటోమేటిక్ కారు తప్పు కాదు, డీలో పెట్టి మర్చిపోయే మనిషిది తప్పు.

తమ్ముడూ, డీఎస్‌జీ తీసుకుంటే స్టీరింగ్ వెనక మీటలు ఉంటాయి. ఘాట్ మొదలవ్వగానే గేరు నీ చేతిలోకి తీసుకో. ఒకటి గుర్తుంచుకో, అలా చేసినా ఆర్‌పీఎం గీత దాకా పోతే పై గేరు అదే వేసుకుంటుంది.

పర్లాకిమిడి_అక్క:
లారీ అన్నయ్య చెప్పింది నిజం. నిలబడిపోవడం గురించి నేను చెబుతాను. నా దగ్గర డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ ఉంది, ఏ కంపెనీ అన్నది అనవసరం. దిగపహండి నుంచి తప్తపాని మీదుగా మోహన వైపు వెళ్తుంటే ఘాట్‌లో లారీ చెడిపోయి ట్రాఫిక్ నిలిచిపోయింది. ఎత్తు మీద కొంచెం ముందుకి, మళ్లీ ఆగు. కాసేపటికి గేర్‌బాక్సు వేడెక్కిందని మీటరులో హెచ్చరిక. పక్కకి తీసి ఇంజను ఆపి కూర్చోవాల్సి వచ్చింది, ఇద్దరు పిల్లలతో.

దీనికి కారణం ఉంది. డ్యూయల్ క్లచ్ అంటే లోపల ఉన్నవి మామూలు క్లచ్‌లే, రెండు. ఒకటి బేసి గేర్లకి, ఒకటి సరి గేర్లకి. మనం ఎత్తు మీద బ్రేకు వదిలి మెల్లగా పాకిస్తే అది మన తరఫున హాఫ్ క్లచ్ కొడుతోందన్నమాట. వర్టస్‌లో ఉన్నది పొడి క్లచ్ రకం. నూనెలో మునిగి ఉండేవైతే వేడిని కొంత తట్టుకుంటాయి, గోల్ఫ్ జీటీఐ లాంటి వాటిలో అవి ఉంటాయి. పొడి రకానికి మందు ఒకటే. అంగుళం అంగుళం పాకించకుండా ముందు కారుకి దూరం ఇచ్చి, ఒకేసారి కదలాలి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని ఆపి పట్టుకోకూడదు, బ్రేకు నొక్కాలి.

మ్యాన్యువల్ వాళ్లు అప్పుడే సంబరపడకండి. అదే జామ్‌లో నా వెనక ఉన్న మ్యాన్యువల్ కారు క్లచ్ కంపు నా కారులోకి కూడా వచ్చింది. పైగా ఆయన ఎడమ మోకాలు పట్టుకుని దిగాడు. ఆ మోకాలి బాధ పడలేకే నేను ఆటోమేటిక్‌కి మారాను. మళ్లీ కొన్నా ఆటోమేటిక్కే కొంటాను, కానీ ఈసారి టార్క్ కన్వర్టర్ రకం. అందులో క్లచ్ రాపిడికి బదులు నూనె ప్రవాహంతో బలం వెళ్తుంది కాబట్టి ఎత్తు మీద పాకడం దానికి అంత ఇబ్బంది కాదు.

జయపురం_క్లచ్:
అక్కా, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. అయినా డీఎస్‌జీలో నన్ను విసిగించే సంగతి ఒకటుంది. నాలుగో గేరులో వచ్చి హెయిర్‌పిన్ వంపు దగ్గర రెండు కావాలి. నాలుగూ రెండూ ఒకే వైపు గేర్లు, ఒకే క్లచ్ కింద ఉంటాయి. ముందే సిద్ధం చేసుకున్న పక్క గేరు వేసినంత చటుక్కున అవి మారవు. ఒక్క క్షణం తటపటాయింపు. మ్యాన్యువల్‌లో నాలుగు నుంచి మూడు జోలికి పోకుండా నేరుగా రెండు వేసుకోవచ్చు. వంపు కనబడుతున్నది నాకు, గేర్‌బాక్సుకి కాదు కదా.

రాయగడ_మాష్టారు:
ఇది మంచి పాయింటు, మెచ్చుకుంటున్నాను. కానీ ఆ ఇంజనుకి రెండో గేరు ఎందుకు? 250 న్యూటన్ మీటర్ల టార్కు 1600 ఆర్‌పీఎం నుంచే వస్తుంది, 3500 దాకా అలాగే ఉంటుంది. మూడో గేరులో పెట్టి వదిలేస్తే చాలా వంపులు లాగేస్తుంది. గేర్లు మార్చడంలో నిజమైన ఆనందం పాత టర్బో లేని ఇంజన్లలో ఉండేది, బలం అంతా పైన ఆరువేల దగ్గర ఉండేది కాబట్టి. మ్యాన్యువల్‌ని చంపింది ఆటోమేటిక్ కాదు, టర్బో. ఈ మాట మీద ఎవరైనా వాదిస్తే నేను సిద్ధం.

బరంపురం_ఎన్‌హెచ్16:
మరి హోండా సివిక్ టైప్ ఆర్ టర్బోనే, అది మ్యాన్యువల్‌లో మాత్రమే వచ్చింది. దానికేమంటారు?

రాయగడ_మాష్టారు:
హోండా వాళ్లకి మొండితనం ఎక్కువ అంటాను.

సునాబెడ_150:
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. తను కూడా నడుపుతుంది. జామ్‌లో స్టీరింగ్ తనదైతే డీఎస్‌జీ, నాదైతే నా ఇష్టం అంది. ఆ లెక్కన మ్యాన్యువల్ వైపే మొగ్గుతున్నాను, ఎందుకంటే ఘాట్ ఎప్పుడూ నాకే తగులుతుంది. చిక్కల్లా షోరూములో టెస్ట్ డ్రైవ్‌కి మ్యాన్యువల్ కారు లేదు. చూడకుండా బుక్ చేయమంటున్నారు. ఇక్కడ ఎవరి దగ్గరైనా 1.5 మ్యాన్యువల్ ఉందా?

జయపురం_క్లచ్:
మా బావ దగ్గర ఉంది. ఆదివారం పొద్దున్నే సెమిలిగుడ రండి, పొట్టంగి దాకా మీరే నడపండి. మంచు ఉంటే ఆలస్యంగా బయల్దేరుదాం.

పర్లాకిమిడి_అక్క:
మీ ఆవిడని కూడా తీసుకెళ్లండి. రెండు వైపులా ఆవిడ చేత కూడా నడిపించి, ఆ తర్వాతే బుక్ చేయండి.

గుణుపురం_లారీ:
పొట్టంగి దాకా పోతే ఏం తెలుస్తుంది? సుంకి దాటి దిగండి. ఆదివారం నాకూ ఖాళీయే, నేనూ వస్తాను. దిగేటప్పుడు పక్క సీటు నాది.