అప్‌డేట్: తాత మడత చాకుకు పిడి దొరికింది, పాత స్విచ్‌బోర్డులో!

పోయిన నెల అడిగాను కదా, మా తాత బత్తాయి తోటకు పట్టుకుపోయే మడత చాకు పిడి చెక్కలు పగిలాయి, తక్కువ ఖర్చులో ఏం వేయొచ్చని. మీలో ఎక్కువమంది కూరగాయలు కోసే ప్లాస్టిక్ బోర్డు ముక్క అన్నారు. అదే ముందు చూశాను. అరాల్డైట్ జిగురు పెట్టి రాత్రంతా బిగించి ఉంచితే, పొద్దున ముంజ తోలు ఊడినట్టు ఊడొచ్చింది. ఆ బోర్డు పాలిథిలీన్ ప్లాస్టిక్, దానికి జిగురు అసలు పట్టదట, రివెట్లే దిక్కు. వేడి చేసి చదును చేసిన పీవీసీ పైపు మరీ పలచన, వదిలేశాను.

చివరికి నల్లగొండలో తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర పాత స్విచ్‌బోర్డు హైలం షీట్ ముక్క ఊరికే దొరికింది. కాగితం పొరలను ఫినాలిక్ రెజిన్‌తో వేడిమీద అదిమి చేసే షీట్ అది. హ్యాక్సా బ్లేడుతో కోసి, రెండు ముక్కలూ కలిపి ఒకేసారి డ్రిల్ చేశాను. 3 మి.మీ. ఇత్తడి కడ్డీయే రివెట్. మొదటి జత మాత్రం సుత్తి దెబ్బకు చీలింది, తప్పు నాదే. రెండోసారి రంధ్రం అంచు కాస్త వెడల్పు చేసి మెల్లగా తట్టాను. చాకు బ్లేడు బిగుసుకోకుండా పక్కన ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క పెట్టి, కొట్టాక లాగేశాను. ఈ చిట్కా చెప్పినవారికి దండం! గరుకు కాగితం తడిపే రుద్దండి, మాస్క్ తప్పనిసరి. ఆ దుమ్ము మంచిది కాదు, వాసనైతే మరీ ఘోరం.

కొబ్బరి నూనె రాసి ఇస్తే తాత అటూ ఇటూ తిప్పి చూసి, "గిది మనింటి స్విచ్‌బోర్డు లెక్కనే ఉన్నది గదరా" అన్నాడు.