లాసిక్ తర్వాత రాత్రి లైట్లకు గుడి కడుతోందా?

కొత్తగా వచ్చిన కడప అబ్బాయి:
అన్నలకూ అక్కలకూ నమస్తే. లాసిక్, అదే కళ్లద్దాలు పోవడానికి లేజర్‌తో చేసే కంటి ఆపరేషన్, చేయించుకొని ఆరు వారాలైంది, డల్లాస్ వచ్చి నెల. పగలు చూపు బాగుంది. రాత్రి కారు తీస్తే ఎదుటి బండ్ల లైట్లు చిచ్చుబుడ్లలా చిమ్ముతున్నాయి. సాయంత్రానికి లాప్‌టాప్‌లో అక్షరాలు మసకబారుతున్నాయి. ఆపరేషన్ ఫెయిలైందేమోనని టెన్షన్. ఇంట్లో చెప్పలేదు.

గుత్తి అన్న:
తమ్ముడూ, నాకూ ఇదే జరిగింది. ఆపరేషనైన మూడో వారం కర్నూలు నుంచి రాత్రి బస్సులో ముందు సీట్లో వస్తున్నా. హైవే మీద ప్రతి లారీ లైటు చుట్టూ చందమామకు గుడి కట్టినట్టు కట్టింది. మా తాత ఆ గుడిని చూసి వాన వస్తుందని సంబరపడేవాడు, నాకు మాత్రం ఒళ్లు చల్లబడింది. ఆరో నెలకు చాలావరకు తగ్గిపోయింది.

చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది. లేజర్ సరిచేసేది కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, మధ్యలో సుమారు 6 నుంచి 6.5 మిల్లీమీటర్ల మేర. పాప అంతకు మించి తెరుచుకుంటే అంచుల్లోంచి దూరే వెలుగు చెదురుతుంది. అందుకే పగలు లేని ఇబ్బంది రాత్రి వస్తుంది. కొద్దిగా పవర్ మిగిలినా ఇలాగే ఉంటుంది, అది పరీక్షలో తేలుతుంది.

సాయంత్రం మసక ఎక్కువగా కన్ను పొడిబారడం వల్లే. లాసిక్‌లో పొర ఎత్తేటప్పుడు కార్నియా నరాలు తెగుతాయి, అవి కోలుకోవడానికి నెలలు పడుతుంది. పైగా స్క్రీన్ ముందు కూర్చుంటే రెప్ప వేయడమే మరిచిపోతాం. కారు హీటర్ గాలి ముఖానికి తగలనీయకు. ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు ఇక్కడ చీటీ లేకుండానే దొరుకుతాయి, ఒక్కసారి వాడి పారేసే చిన్న గొట్టాల్లో.

ఒకటి గట్టిగా చెబుతున్నా. ఊరినుంచి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు మిగిలి ఉంటే, డాక్టర్ చెప్పిన రోజులు దాటాక వేసుకోవద్దు. మసకగా ఉందని నీ అంతట నువ్వు వేసుకుంటూ పోతే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది, అది పెరిగిన సంగతి నీకు తెలియదు కూడా.

నొప్పి, ఎరుపు, చూపు హఠాత్తుగా తగ్గడం, మెరుపులు, నల్ల చుక్కలు ఒక్కసారిగా రాలినట్టు కనిపించడం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు డాక్టర్ దగ్గరికి పో. అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు.

కర్నూలు అక్క:
రాత్రి డ్రైవింగుకని అమ్మే పసుపు కళ్లద్దాలు కొనకు, అవి ఉన్న వెలుగునే తగ్గిస్తాయి. కారు ముందు అద్దాన్ని లోపలివైపు తుడువు, ఆ జిడ్డు పొరే సగం చెదురుస్తుంది. ఎదుటి లైటు వైపు చూడకుండా కుడి అంచున తెల్లగీత చూస్తూ నడుపు. మన ఊళ్లో ఎడమ పక్కకు చూసే అలవాటు, ఇక్కడ అది తిరగబడుతుంది. కుదుటపడేదాకా రాత్రి నడపకపోతే ఇంకా మంచిది, సిగ్గుపడకుండా మమ్మల్ని లిఫ్ట్ అడుగు.

ఆపరేషన్‌కు ముందు తీసిన రిపోర్టులు తెప్పించుకో: పాత పవర్, కార్నియా మందం, టోపోగ్రఫీ (కార్నియా వంపుల పటం). ఇక్కడి డాక్టర్ మొదట అడిగేవి అవే. ఎప్పుడో ముసలితనంలో శుక్లాల ఆపరేషన్ చేసి లెన్స్ పెట్టేటప్పుడు కూడా ఆ అంకెలే పనికొస్తాయి.

కడప అబ్బాయి:
ఫైల్ ఇంట్లో బీరువాలో ఉందక్కా. ఇప్పుడే నాన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను. పొద్దున్నే స్కాన్ చేయించి పంపుతానన్నాడు.