హాఫ్ మారథాన్ రెండు గంటల లోపు అనుకుంటే 2:05:48 పట్టింది: లక్ష్యం మార్చుకోవాలా?

ప్రశ్న (పటమట, విజయవాడ)

నమస్కారం. ఫిబ్రవరిలో మన నగరంలో జరిగిన ఒక చిన్న హాఫ్ మారథాన్‌లో పాల్గొన్నాను. 21.0975 కిలోమీటర్లను రెండు గంటల లోపు పూర్తి చేయాలని అనుకున్నాను కానీ, చిప్ టైమ్ (ఆరంభ రేఖ దాటినప్పటి నుంచి ముగింపు రేఖ వరకు చిప్ నమోదు చేసే సమయం) ప్రకారం 2:05:48 పట్టింది. డిసెంబరులో 10కే (10 కిలోమీటర్ల) పరుగును 54 నిమిషాల్లో ముగించాను కాబట్టి ఆ లక్ష్యం అత్యాశ కాదనే ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇందిరాగాంధీ స్టేడియం దగ్గర మొదలై, బందరు రోడ్డు మీదుగా ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం నుంచి కరకట్ట మీద ఉండవల్లి వైపు సాగి, అదే దారిన వెనక్కి రావడం మా మార్గం. ఆరు గంటలకు మొదలు కావలసిన పరుగు, ముఖ్య అతిథి వచ్చి జెండా ఊపేసరికి 6:25 అయింది. అంతవరకు వేదిక ముందు జుంబా అనే నృత్య వ్యాయామం నడిచింది. అక్కడ ఉత్సాహంగా గంతులు వేసినవారిలో కొందరు తర్వాత బ్యారేజీ మీద నడుస్తూ కనిపించారు.

మొదటి 10 కిలోమీటర్లు 55:10లో, తర్వాతి ఐదు 29:20లో అయ్యాయి. మిగిలిన 6.1 కిలోమీటర్లకు 41:18 పట్టింది. కండరాలు పట్టేయలేదు, కడుపులో తిప్పలేదు, అయినా వేగం పెంచుదామంటే శరీరం ఒప్పుకోలేదు. మొదట్లో 160 దగ్గర ఉన్న గుండె వేగం, నేను నెమ్మదించిన తర్వాత కూడా తగ్గకపోగా 178కి చేరింది. జీపీఎస్ వాచీ మొత్తం 21.34 కిలోమీటర్లు చూపించింది. నా వారాంతపు లాంగ్ రన్ (వారంలో అన్నిటికంటే పొడవైన సాధన పరుగు) సాధారణంగా 16 కిలోమీటర్లు ఉంటుంది. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి ఎండ రాకముందే ముగిస్తాను.

ఈ ఆరు నిమిషాలు ఎక్కడ పోయాయి? ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లోని హాఫ్ విభాగంలో ఇదే లక్ష్యంతో పరుగెత్తవచ్చా, లేక 2:05నే నా స్థాయిగా ఒప్పుకొని అక్కడి నుంచి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలా?

జవాబు (లక్ష్మీపురం, గుంటూరు)

మీ ప్రశ్నకు జవాబు చాలావరకు మీరిచ్చిన అంకెల్లోనే ఉన్నదండీ. రెండు గంటలకు కావలసిన సగటు వేగం కిలోమీటరుకు 5:41. ఆ లెక్కన మొదటి 10 కిలోమీటర్లకు దాదాపు 56:50 పట్టాలి. మీరు 55:10లో వెళ్లారు. పైకి చూస్తే నిమిషంన్నర కంటే కాస్త ఎక్కువ లాభమే. అయితే మీ అత్యుత్తమ 10కే సమయమే 54 నిమిషాలు. అంటే ఇంకా 11 కిలోమీటర్లు మిగిలి ఉండగా, మీకు చేతనైన గరిష్ఠ 10కే వేగానికి కిలోమీటరుకు ఏడు సెకన్ల తేడాతో పరుగెత్తారన్నమాట. ఆ నిమిషంన్నరను చివరి ఆరు కిలోమీటర్లు వడ్డీతో సహా వసూలు చేసుకున్నాయి.

లక్ష్యం విషయానికి వస్తే, ఒక దూరంలోని సమయాన్ని బట్టి మరొక దూరంలో ఎంత పడుతుందో అంచనా వేయడానికి పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజినీరు 1977లో ఇచ్చిన సూత్రాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. రెండు దూరాల నిష్పత్తిని 1.06 ఘాతానికి పెంచి, తెలిసిన సమయంతో గుణించాలి. మీ 54 నిమిషాలకు అది 1:59:09 చూపిస్తుంది. కాబట్టి లక్ష్యం అత్యాశ కాదన్న మీ మాట నిజమే. కానీ ఆ సూత్రం రెండు దూరాలకూ సమానంగా సిద్ధమైనవారికీ, రెండు రోజులూ వాతావరణం ఒకేలా ఉన్నప్పుడూ మాత్రమే సరిపోతుంది. మీకు ఉన్న వెసులుబాటు ఒక నిమిషం కూడా లేదు. 16 కిలోమీటర్ల లాంగ్ రన్‌లతో దానిని నిలబెట్టుకోవడం కష్టం.

2023 అక్టోబరులో షికాగోలో కెల్విన్ కిప్టుమ్ 2:00:35తో పూర్తి మారథాన్ ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు మొదటి సగం 60:48, రెండో సగం 59:47. అంతటివాడు కూడా వేగాన్ని రెండో సగానికి దాచుకున్నాడు. ముందే కాస్త సమయం మిగుల్చుకుందామనే ఆలోచన మన స్థాయి పరుగుల్లో పనిచేయగా నేను చూడలేదు.

జవాబు (తాడేపల్లి)

పై జవాబుతో ఏకీభవిస్తూనే వాచీ గురించి ఒక మాట చెప్పాలి. 21.34 చూసి నిర్వాహకులు దారిని ఎక్కువ కొలిచారని అనుకోకండి. అధికారికంగా ధ్రువీకరించే మార్గాలను సైకిలు చక్రానికి అమర్చిన కౌంటరుతో, మలుపుల్లో అతి దగ్గరి దారి పట్టుకొని కొలుస్తారు. పొరపాటున కూడా తక్కువ కాకుండా ఉండటానికి వెయ్యింటికి ఒక వంతు అదనంగా కలుపుతారు. చిన్న పరుగులన్నిటికీ ఆ ధ్రువీకరణ ఉండదు. ఏ మార్గమైనా మనం మలుపుల్లో బయటి వైపు నుంచి తిరుగుతాము, నీళ్ల బల్ల కోసం రోడ్డు అడ్డంగా దాటుతాము, నడిచేవారిని తప్పించుకుంటూ వెళతాము. జీపీఎస్ లోపం దీనికి అదనం.

మీ వాచీని పూర్తిగా నమ్మినా, 240 మీటర్లకు మీ సగటు వేగంతో నిమిషం 25 సెకన్లే అవుతుంది. మిగిలిన నాలుగున్నర నిమిషాలకు దూరం కారణం కాదు. అయితే వాచీ దూరాన్ని ఎక్కువ చూపిస్తే వేగాన్నీ ఎక్కువే చూపిస్తుంది కాబట్టి, తర్వాతి పరుగులో వాచీలో 5:41 చూసుకొని నిశ్చింతగా ఉండకుండా 5:37 లక్ష్యంగా పెట్టుకోండి.

జవాబు (కృష్ణలంక, విజయవాడ)

గుంటూరు మిత్రులు ఎండను తక్కువగా అంచనా వేశారని నాకు అనిపిస్తున్నది. నెమ్మదించినా గుండె వేగం పెరగడమే దానికి సాక్ష్యం. ఒంటిని చల్లబరచడానికి రక్తంలో కొంత భాగం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో రక్తంలోని ద్రవభాగం తగ్గుతుంది, అందువల్ల గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం తగ్గి, ఆ లోటును పూడ్చడానికి ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. నది పక్కన గాలిలో తేమ నిండుగా ఉన్నప్పుడు చెమట ఆరదు, కారిపోతుంది; కారిన చెమట ఒంటిని చల్లబరచదు. పైగా ఉండవల్లి వైపు నుంచి తిరిగి వచ్చేటప్పుడు కరకట్ట మీద తూర్పు ముఖంగా పరుగెత్తాలి కదా, ఎదురెండ తప్పదు.

మీరు ఐదింటికి మొదలుపెట్టి చీకట్లోనే సాధన చేశారు, పోటీ మాత్రం ఎనిమిదిన్నర దాటేవరకు సాగింది. ఆ ఆలస్యానికి కారణమైన ప్రసంగాలను మనం ఆపలేము కానీ, పోటీకి ముందు పది పద్నాలుగు రోజుల పాటు కొన్ని తేలిక పరుగులను ఏడు గంటల ఎండలో చేస్తే శరీరం అలవాటు పడుతుంది: చెమట త్వరగా మొదలవుతుంది, రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది. ఇది చలికాలం చివరి పోటీలకు చెప్పే మాట. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఈ ప్రయోగం వద్దు. దాహాన్ని మించి నీళ్లు తాగడమూ మంచిది కాదు, రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మొదటి 10 కిలోమీటర్లను నా 10కే సమయంతో పోల్చి చూడాలని నాకు తట్టలేదు. హైదరాబాద్ సంగతి ఎవరూ చెప్పలేదు.

జవాబు (లక్ష్మీపురం, గుంటూరు)

ఎండ విషయంలో కృష్ణలంక వారి మాట ఒప్పుకుంటున్నాను, కానీ ఎండ ఉన్నదని తెలిసిన రోజున మొదటి 10 కిలోమీటర్లలో మరింత నెమ్మదిగా వెళ్లాలి కదా అన్నది నా వాదన.

హైదరాబాద్‌లో సమయం కోసం పరుగెత్తవద్దు. ఆగస్టులో అక్కడ ఎండ మనకంటే తక్కువే అయినా తేమ ఉంటుంది, ఫ్లైఓవర్ల ఎక్కుడు దిగుడు బాగా ఉంటుంది. బందరు రోడ్డు మీద సాధన చేసిన కాళ్లకు అది కొత్త. అక్కడ వాచీ చూడకుండా, రెండో సగం మొదటి సగం కంటే నెమ్మదించకుండా ముగించడమే పనిగా పెట్టుకోండి. ఈలోపు లాంగ్ రన్‌ను రెండు మూడు వారాలకు ఒకసారి రెండేసి కిలోమీటర్లు పెంచుతూ 20 వరకు తీసుకువెళ్లి, చివరి నాలుగైదు కిలోమీటర్లను 5:40 వేగంతో ముగించడం అలవాటు చేసుకోండి. రెండు గంటల లక్ష్యాన్ని డిసెంబరు, జనవరి నెలల్లో చదునైన మార్గం ఉన్న పోటీకి దాచుకోండి. అది కూడా ఆరు గంటలకంటే ముందే మొదలయ్యే పోటీ అయితే మంచిది. ముఖ్య అతిథి ఎవరో కూడా ముందుగా కనుక్కోండి.