లేజర్ బోటు తాళ్లు మార్చాలి, వాంగ్‌తో మొదలుపెట్టాలా?

సాగర్_తెరచాప:
హుస్సేన్ సాగర్‌లో పాత లేజర్ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) నడుపుతున్నాను. వానాకాలం గాలి జోరందుకుంటే వాంగ్ (సెయిల్ అడుగున ఉండే బూమ్ అనే అడ్డకర్రని కిందికి లాగి పట్టే తాళ్లు) లాగడానికి రెండు చేతులూ కావాలి, మరి షీట్ (సెయిల్‌ని లోపలికి లాగే తాడు) ఎవరు పట్టుకోవాలి? మా అమ్మాయి అదే బోటుకి రేడియల్ అనే చిన్న సెయిల్ వేసుకుంటుంది, తనకైతే వాంగ్ అసలు కదలదు. అన్నీ ఒకేసారి మార్చే బడ్జెట్ లేదు. వాంగ్, కన్నింగ్‌హామ్ (సెయిల్ ముందు అంచుని కిందికి లాగే తాడు), ఔట్‌హాల్ (సెయిల్ కింది మూలని బూమ్ చివరకి లాగే తాడు), ఏది ముందు?

విశాఖ_గాలి:
వాంగ్ అండి, అనుమానమే లేదు. పాత బోట్లతో వచ్చిన వాంగ్‌లో కప్పీలు తక్కువ. ఐఎల్‌సీఏ (లేజర్ క్లాస్ సంఘం) రూల్స్ ఇప్పుడు 15:1 దాకా ఒప్పుకుంటాయి. అంటే లెక్క ప్రకారం మీరు 10 కిలోల బలంతో లాగితే అటు 150 కిలోలు పడాలి. అంత రాదు, ప్రతి కప్పీ దగ్గరా రాపిడి కొంత తినేస్తుంది. అందుకే బాల్ బేరింగ్ కప్పీలు తీసుకోండి, తాడు సంగతి తర్వాత.

తాడు_ముడి:
తాడు సంగతి తర్వాత అంటే నేను ఒప్పుకోను అన్నా. 15 రెట్ల సాయం ఉంటే తాడు కూడా 15 రెట్లు లాగాలి కదా, బూమ్ దగ్గర 4 సెం.మీ. రావాలంటే చేతి దగ్గర 60 సెం.మీ. లాగాలి. అదే లెక్కన బూమ్ దగ్గరి మొదటి తాడు 1 సెం.మీ. సాగిందంటే చేతి దగ్గర 15 సెం.మీ. వృథా, పైగా గాలి విసురు వచ్చిన ప్రతిసారీ బూమ్ లేస్తుంది, మీరు లాగిందంతా పోతుంది. కాబట్టి డబ్బు పెడితే ఆ మొదటి తాడుకే పెట్టాలి, అది డైనీమా (దాదాపు సాగని గట్టి సింథటిక్ తాడు) ఉండాలి. చేత్తో లాగే చివరి తాడు మీద బరువు తక్కువ, అక్కడ మామూలు పాలిస్టర్ తాడు చాలు, చేతికి పట్టు కూడా బాగుంటుంది.

బే_ఏరియా_తెలుగు:
పైన చెప్పింది వంద శాతం కరెక్ట్. ఇంకోటి, పై తొడుగు లేని డైనీమా నున్నగా ఉంటుంది, మామూలు ముడి మెల్లగా జారిపోతుంది, క్లీట్‌లో (లాగిన తాడుని జారకుండా పట్టి ఉంచే బిగింపు) సరిగా పట్టదు. ముడికి బదులు స్ప్లైస్ చేయండి, అంటే తాడు కొసని అదే తాడు లోపలికి దూర్చడం, తాడు మందానికి 72 రెట్ల పొడవు లోపలికి వెళ్లాలి, 4 మి.మీ. తాడుకైతే దాదాపు 29 సెం.మీ. కొనేటప్పుడు ఈ పొడవు కలుపుకోవడం చాలామంది మర్చిపోతారు.
అమ్మాయి గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా, తక్కువ బరువున్న వాళ్లకి వాంగ్ తర్వాత కన్నింగ్‌హామే ప్రాణం. ఇక్కడ శాన్ ఫ్రాన్సిస్కోలో ఎండాకాలం మధ్యాహ్నాలు గాలి విపరీతం. కన్నింగ్‌హామ్ గట్టిగా లాగితే సెయిల్ పొట్ట ముందుకి జరిగి పైభాగం తెరుచుకుంటుంది, అదనపు గాలి అక్కడ వదిలేస్తుంది, బోటు ఒరగడం తగ్గుతుంది. ఔట్‌హాల్ చివర్లో చూసుకోవచ్చు.

విశాఖ_గాలి:
తాడు_ముడి గారు చెప్పిన సాగుడు లెక్క బాగుంది, మొదటి తాడు విషయంలో ఒప్పుకుంటున్నాను. మాది సముద్రం కాబట్టి కప్పీల్లో ఉప్పు, ఇసుక చేరతాయి, మంచినీళ్లతో కడగకపోతే ఎంత ఖరీదైన బేరింగైనా బిగుసుకుంటుంది.

సాగర్_తెరచాప:
అందరికీ థ్యాంక్స్. ముందు వాంగ్ కప్పీలు, దాని మొదటి తాడు డైనీమా, తర్వాత కన్నింగ్‌హామ్. ట్రావెలర్ తాడు (బోటు వెనక అడ్డంగా ఉండి, షీట్ కప్పీ అటూ ఇటూ జరిగే తాడు) కూడా వదులవుతోంది, దాన్నీ ఇప్పుడే మార్చాలా?

తాడు_ముడి:
తప్పకుండా మార్చండి, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. షీట్ బిగించినప్పుడు ట్రావెలర్ వదులుగా ఉంటే కప్పీ పైకి లేచి మధ్యకి వచ్చేస్తుంది, అది పక్కకే ఉండాలి. సాగని తాడు వేసి టిల్లర్ (చుక్కాని తిప్పే కర్ర) కదలడానికి సరిపడా సందు వదిలి బిగించండి. టిల్లర్‌కి రాసుకునే చోట తాడు అరుగుతుంది, అక్కడ తొడుగున్న తాడే మేలు.



బే_ఏరియా_తెలుగు:
రేసుల్లో దిగే ఆలోచన ఉంటే కొనే ముందు ఈ ఏడాది క్లాస్ రూల్స్ ఒకసారి చదవండి, తాళ్లు, కప్పీల మీద అందులో స్పష్టమైన పరిమితులున్నాయి.