స్కూలుకు పది ట్యాబ్‌లు వచ్చాయి, ఏ యాప్‌లు నిజంగా పనికొస్తాయి? క్లాసులో వాడినవాళ్లు చెప్పండి

కందుకూరు బయాలజీ టీచర్:
అందరికీ నమస్కారం. మాది కందుకూరు దగ్గర హైస్కూలు. మా బడిలో చదువుకుని వెళ్లిన పాత విద్యార్థులు కొందరు కలిసి పది ట్యాబ్‌లు కొనిచ్చారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు ప్రభుత్వం ఇచ్చినవి వేరు, అవి ఎవరివి వాళ్ల దగ్గరే ఉండేవి. ఇవి బడివి, బీరువాలో ఉంటాయి, ఏ క్లాసుకు కావాలంటే ఆ క్లాసుకు పట్టుకెళ్లొచ్చు. మా హెచ్ఎం గారు "ముందు మీరంతా ఒక నెల ఇంటికి తీసుకెళ్లి వాడి చూడండి, ఆ తర్వాతే పిల్లల చేతికి" అన్నారు. మంచి మాటే. కానీ రెండు వారాలైంది, మేం చేసిందల్లా ప్లేస్టోర్‌లో కనిపించినవన్నీ దించుకోవడం, ఒకసారి తెరిచి చూడడం, వదిలేయడం. నా ట్యాబ్‌లో ఇప్పుడు ఇరవై మూడు యాప్‌లున్నాయి. క్లాసులో వాడింది ఒక్క దీక్ష, ప్రభుత్వం వాళ్ల పాఠాల యాప్, అది కూడా పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి వీడియో చూపించడానికి. వీడియో చూపించడానికైతే గోడకు పెద్ద ప్యానెల్ ఉంది కదా, దానికి ట్యాబ్ ఎందుకు? క్లాసుకు నలభై రెండు మంది, ట్యాబ్‌లు పది, నెట్ ఉన్నరోజు ఉంటుంది, లేనిరోజు లేదు. మీరు ఏ యాప్‌ను ఏ పాఠానికి వాడారు, పిల్లలు ఏం చేశారు, అది చెప్పండి.

కావలి లెక్కల సార్:
టీచర్ గారూ, ఇరవై మూడూ తీసేయండి, రెండు చాలు. నేనైతే మూడేళ్లుగా రెండింటితోనే నడుపుతున్నా.

ఒకటి జియోజిబ్రా. ఉచితం, ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. బోర్డు మీద నేను త్రిభుజం గీసి మూడు కోణాలు కలిపితే 180 డిగ్రీలు అంటే పిల్లలు నమ్ముతారు, ఎందుకంటే సారు చెప్పాడు కాబట్టి. అదే నలుగురికి ఒక ట్యాబ్ ఇచ్చి, త్రిభుజం గీయించి, కోణాలు కనపడేలా పెట్టి, ఒక శీర్షాన్ని వేలితో పట్టుకుని లాగమంటే సంగతి వేరు. ఎంత సాగదీసినా, ఎంత నొక్కేసినా మొత్తం 180 దగ్గరే ఉంటుంది. మా దగ్గర ఒక పిల్ల దాన్ని లాగి లాగి దాదాపు గీతలాగా చేసి "సార్, ఇప్పుడు రెండు కోణాలు సున్నా దగ్గరికి వచ్చినయ్, మూడోది 179 దాటింది, అయినా కలిపితే అంతే" అంది. నేను అలా ఎప్పుడూ చెప్పలేదు ఆ పాఠం. ఆ పిల్లే చెప్పింది నాకు.

రెండోది ప్లికర్స్. దీనికి పిల్లల చేతిలో ట్యాబ్ అక్కర్లేదు, మీ ఒక్కరి దగ్గరుంటే చాలు. పిల్లలకు తలా ఒక కార్డు, దాని మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ, నాలుగు వైపులా ఎ, బి, సి, డి. ప్రశ్న అడగ్గానే తమ జవాబు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు, మీరు ట్యాబ్ కెమెరాను క్లాసంతా ఒకసారి అలా తిప్పితే ఎవరు ఏం పెట్టారో వచ్చేస్తుంది. ఒకరి కార్డు ఒకరిలా ఉండదు కాబట్టి పక్కోడిది చూసి పెట్టడం కుదరదు. కార్డులు జిరాక్స్ షాపులో మందం కాగితం మీద వేయించుకోండి. మొదటిసారి పల్చటి కాగితం వేయించా, వంగిపోయి కెమెరాకు అందలేదు. మైనస్ మూడు పెద్దదా మైనస్ రెండు పెద్దదా అని అడిగితే పదకొండు మంది మైనస్ మూడు పెట్టారు. నోటితో అడిగినప్పుడు అందరూ కలిసి సరైన జవాబే అరిచేవాళ్లు, ఆ అరుపులో ఈ పదకొండు మంది నాకు ఇన్నేళ్లూ వినపడలేదు.

కొత్తపట్నం ఒకటో తరగతి టీచర్:
మాది ప్రైమరీ, సముద్రం ఒడ్డున. గూగుల్ వాళ్ల రీడ్ అలాంగ్ పెట్టుకోండి, మీది హైస్కూలైనా సరే. ఆరో తరగతికి వచ్చి కూడా తెలుగు కూడబలుక్కుని చదివే పిల్లలు మీ దగ్గరా ఉంటారు, నాకు తెలుసు, వాళ్లను పంపించింది మేమే కదా.

అది పిల్లవాడు పైకి చదివితే వింటుంది. తెలుగులో కథలున్నాయి. తెలియని పదం మీద వేలు పెడితే దియా అనే బొమ్మమ్మాయి పలికి చూపిస్తుంది. కథలు ముందే దించి పెట్టుకుంటే నెట్ అక్కర్లేదు. మా దగ్గర ఒక బాబు రెండేళ్లు నా ముందు నోరు విప్పలేదు. వాళ్ల నాన్న వేటకు పోతాడు, తెల్లారుజామున వల తీసుకుని పోయే వేళకే వీడూ లేస్తాడు, బడికొచ్చి నిద్రపోతాడు. నేను తిట్టలేదు, కొట్టలేదు, అయినా నా దగ్గర చదవడు. ట్యాబ్ ఇచ్చి వరండా చివర కూర్చోబెడితే వాడు దానికి చదివాడు. తప్పు చదివితే ఎవరూ నవ్వరు, ముఖం మారదు, మళ్లీ చదవచ్చు. నేను స్తంభం వెనక నిలబడి విన్నా. గొంతు అంత బాగుంటుందని నాకు తెలియదు.

ఒక జాగ్రత్త, అయిదుగురిని ఒకే గదిలో పెడితే పనిచేయదు. పక్కవాడి గొంతు కూడా వినేస్తుంది, సరిగ్గా చదివినా తప్పంటుంది, పిల్లలు బాధపడతారు. ఒకరిని వరండాలో, ఒకరిని వేపచెట్టు కింద, ఒకరిని ఆఫీసు గదిలో, ఇలా దూరం దూరంగా. ఒక్కొక్కరికి పది నిమిషాలు, అంతే.

మార్కాపురం పలకల ఊరు:
@కొత్తపట్నం టీచర్, మీరు చెప్పింది నిజం, చదవడానికి బాగుంటుంది. రాయడానికి మాత్రం వద్దు మేడం. నేను పలకలు చేసే ఊరి వాణ్ని, రాయి చీల్చి, అరగదీసి, చెక్క చట్రం బిగించే పని చిన్నప్పటినుంచీ చూశా, అందుకని పక్షపాతం అనుకోకండి. గాజు మీద వేలితో 'అ' దిద్దిన పిల్లకూ, పలక మీద బలపం పట్టుకుని దిద్దిన పిల్లకూ తేడా ఉంది. బలపం గట్టిగా నొక్కితే గీత ఒకలా, మెల్లగా నొక్కితే ఒకలా పడుతుంది, చేతికి తెలుస్తుంది. ట్యాబ్ మీద వేలు జారిపోతుంది, ఎలా నొక్కినా ఒకటే గీత. పోయినేడాది అక్షరాలు దిద్దించే యాప్‌తో మొదలుపెట్టిన అయిదారుగురు రెండో తరగతికి వచ్చాక పెన్సిల్ పట్టుకోవడానికే కష్టపడ్డారు. ఇప్పుడు మళ్లీ పలకలు తెప్పించా. వినడానికి, చదవడానికి ట్యాబ్. రాయడానికి పలక. మా క్లాసులో రెండూ ఉంటాయి.

ఉదయగిరి కొండ కింద:
మాకు సిగ్నలే రాదు, కాబట్టి నెట్ లేకుండా ఎలాగో నేను చెప్తా.

ఆదివారం నెల్లూరు వెళ్లినప్పుడు వైఫై ఉన్నచోట కూర్చుని వారానికి సరిపడా దించుకుంటా. దీక్షలో ఏ పాఠమైనా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. పుస్తకం పాతబడి క్యూఆర్ కోడ్ చెరిగిపోతే దాని కింద ఆరు అక్షరాల కోడ్ ఉంటుంది, అది టైప్ చేసినా వస్తుంది, చాలామందికి తెలియదు. సైన్సుకు ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసే ప్రయోగాలు, చూడండి, అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లవి, ఫిజిక్స్ నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినవి. వెబ్‌సైట్‌లో ఉచితం, ఒక్కొక్కటి విడిగా ఫైలులా దించుకుని నెట్ లేకుండా తెరుచుకోవచ్చు, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. పదో తరగతి విద్యుత్తు పాఠానికి సర్క్యూట్ కట్టే సిమ్యులేషన్ ఉంది, పిల్లలే వైర్లు కలుపుతారు, బ్యాటరీ రెండు చివరలూ నేరుగా కలిపేస్తే తెర మీద మంట వస్తుంది. ఆ మంట కోసం ప్రతి జట్టూ ఒకసారి కలుపుతారు, కలపనివ్వండి, షార్ట్ సర్క్యూట్ అంటే ఏంటో ఇంక మళ్లీ చెప్పక్కర్లేదు. కాకపోతే చివర్లో నిజం బల్బు, నిజం సెల్లు కూడా ముట్టుకోవాలి.

ఒక ట్యాబ్‌లో దించింది మిగతా తొమ్మిదింటికి క్విక్ షేర్‌తో (ట్యాబ్ నుంచి ట్యాబ్‌కు నేరుగా ఫైళ్లు పంపేది) పంపేయండి, దానికీ నెట్ అక్కర్లేదు.

ఒంగోలు కంప్యూటర్ ల్యాబ్:
యాప్‌ల సంగతి అందరూ చెప్తున్నారు, నేను సామాను సంగతి చెప్తా, పాడైతే నా దగ్గరికే వస్తాయి కాబట్టి.

టీచర్ గారూ, మీ సొంత జీమెయిల్‌తో లాగిన్ అయ్యారా? అయితే ఈ రోజే తీసేయండి. మా దగ్గర ఒక మేడం ఇంట్లో తన ఖాతాతో తెరిచి, అలాగే క్లాసుకు తెచ్చారు. ఫొటోల యాప్ నొక్కిన పిల్లలకు వాళ్లింటి పెళ్లి ఫొటోలన్నీ వచ్చాయి. పిల్లలు పాపం ఏమీ అనలేదు, ఆమె మాత్రం నెల రోజులు ట్యాబ్ ముట్టలేదు. బడి పేరుతో కొత్త ఖాతా ఒకటి చేసుకోండి, పాస్‌వర్డ్ హెచ్ఎం గారి దగ్గర కాగితం మీద రాసి పెట్టండి.

పిల్లల చేతికి ఇచ్చేముందు యాప్ పిన్నింగ్ ఆన్ చేయండి, సెట్టింగ్స్‌లో సెక్యూరిటీలో ఉంటుంది. మీరు పెట్టిన యాప్ తప్ప ఇంకోటి తెరుచుకోదు, బయటికి రావాలంటే పిన్ నంబరు అడిగేలా పెట్టుకోవచ్చు.

ఇంక ముఖ్యమైంది ఎండాకాలం. సెలవులకు ముందు అన్నీ ఫుల్ ఛార్జ్ చేసి ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసి పోయాం ఒక ఏడాది. మన ఎండలు తెలుసుగా, జూన్‌లో తీస్తే మూడింటికి వీపు ఉబ్బిపోయింది. లిథియం బ్యాటరీ నిండా ఛార్జింగ్‌తో వేడిలో నెలల తరబడి ఉంటే అంతే. సగం ఛార్జింగ్ పెట్టి, ఆఫ్ చేసి, ఎండ తగలని గదిలో చెక్క అలమరలో పెట్టండి. ఉబ్బినదాన్ని నొక్కడం, మళ్లీ ఛార్జింగ్ పెట్టడం అస్సలు చేయొద్దు, అంటుకుంటుంది.

పొదిలి సోషల్ మేడం:
నాది యాప్ కాదు, చెప్పొచ్చా? మా తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయికి చూపు బాగా తక్కువ. మొదటి బెంచీలో కూర్చున్నా బోర్డు కనపడదు, పక్కనమ్మాయి పుస్తకం చూసి రాసుకునేది, సగం మిగిలిపోయేది. ట్యాబ్ ఇచ్చి ఊరికే కెమెరా తెరిచి బోర్డు వైపు పెట్టి జూమ్ చేసుకోమన్నా. నేను రాస్తుంటే తన ముందు తెర మీద నా అక్షరాలు అరచేయంత కనిపిస్తాయి. తుడిచేముందు ఒక ఫొటో తీసుకుంటుంది, తర్వాత రెండు వేళ్లతో పెద్దది చేసుకుని రాసుకుంటుంది. ఇంకో సంగతి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది, తెర మొత్తాన్ని పెద్దది చేసేదీ ఉంది, తెర మీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్ కూడా ఉంది, తెలుగు గొంతు పెట్టుకోవచ్చు. పది ట్యాబ్‌లలో ఒకటి అలాంటి పిల్లకు రోజంతా ఇచ్చేయండి టీచర్ గారూ, పీరియడ్‌కు పది నిమిషాలు కాదు.

కందుకూరు బయాలజీ టీచర్:
@పొదిలి మేడం, మా ఎనిమిదిలో ఒక బాబున్నాడు అలాగే. ఇన్నాళ్లూ వాడు అల్లరికి పక్కోడి పుస్తకంలోకి తొంగి చూస్తున్నాడనుకున్నా. రేపే ఇస్తా.

ఆత్మకూరు ఫిజిక్స్:
ఆలస్యంగా చూశాను. ఫైఫాక్స్ ఎవరూ చెప్పలేదే! జర్మనీలో ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లది, ఉచితం, ప్రకటనలు ఉండవు, నెట్ అక్కర్లేదు. ట్యాబ్‌లో ఉండే మైకు, కదలికను పసిగట్టే సెన్సర్ లాంటివాటితో కొలతలు తీస్తుంది. అంటే ట్యాబ్ టీవీ కాదు, కొలిచే పరికరం అవుతుంది. టీచర్ గారు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే, గోడ ప్యానెల్ చేయలేనిది ఇది.

మేం చేసింది ధ్వని వేగం. ఆ యాప్‌లో శబ్దంతో నడిచే స్టాప్‌వాచ్ ఉంది, చప్పుడు వినగానే మొదలవుతుంది, రెండో చప్పుడుకు ఆగుతుంది. గ్రౌండులో టేపుతో కొలిచి 20 మీటర్ల దూరంలో రెండు ట్యాబ్‌లు పెట్టాం, ఒక్కోదాని పక్కన ఒక్కో పిల్లవాడు. మొదటివాడు చప్పట్లు కొడతాడు, రెండు ట్యాబ్‌లూ మొదలవుతాయి, కానీ దూరందానికి శబ్దం చేరడానికి కాస్త టైం పడుతుంది కాబట్టి అది ఆలస్యంగా మొదలవుతుంది. తర్వాత రెండోవాడు కొడతాడు, ఈసారి మొదటిది ఆలస్యంగా ఆగుతుంది. రెండు టైముల్లో తేడా అంటే శబ్దం 20 మీటర్లు పోను, 20 మీటర్లు రాను పట్టినంత టైం. మాకు ఒకదాంట్లో 1.512 సెకన్లు, రెండోదాంట్లో 1.398 వచ్చింది. తేడా 0.114. 40ని దాంతో భాగిస్తే సెకనుకు 351 మీటర్లు.

ఒకడు లేచి "సార్, మీరు బోర్డు మీద 340 అని రాశారు, మనది తప్పు వచ్చింది" అన్నాడు. తప్పు కాదు. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది, సున్నా డిగ్రీల దగ్గర 331, అక్కణ్నుంచి డిగ్రీకి దాదాపు 0.6 చొప్పున. ఆ రోజు 32 డిగ్రీలు. లెక్క వేయించా, 350 వచ్చింది. క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది, తర్వాత ఒకటే గోల, మళ్లీ చేద్దాం మళ్లీ చేద్దాం అని. పదిహేనేళ్లుగా ఆ 340 రాసి తుడిచేస్తున్నా, మన ఆత్మకూరు గాలిలో అది ఎంతో నేను కూడా ఎప్పుడూ చూడలేదు.

ప్రేయర్‌కు ముందు చేయండి, తర్వాతైతే గోలకే స్టాప్‌వాచ్ ఆగిపోతుంది. ఎంత చప్పుడుకు పలకాలో యాప్‌లోనే పెట్టుకోవచ్చు, దాన్ని కాస్త పెంచండి. మాకు చెట్టు మీద చిలకలు అరిచి రెండుసార్లు చెడగొట్టాయి.

కందుకూరు బయాలజీ టీచర్:
అందరికీ చాలా థ్యాంక్స్. వారం తర్వాత రాస్తున్నా. పంతొమ్మిది యాప్‌లు తీసేశాను. జియోజిబ్రా లెక్కల సారుకు, రీడ్ అలాంగ్ తెలుగు మేడంకు అప్పజెప్పాను. ఎనిమిదో తరగతి బాబు ట్యాబ్ వాడి దగ్గరే ఉంది, బోర్డు మీద నేను 'క్లోరోప్లాస్ట్' తప్పు రాస్తే క్లాసులో మొదట పట్టుకున్నది వాడే.

ఆత్మకూరు సార్ మాట చదివాక నాకూ ఒకటి తట్టింది. మా ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ఒక్కటే. ఉల్లిపొర పెట్టి వరసగా చూడమంటే నలభై రెండు మందికి పీరియడ్ అయిపోతుంది, సగం మంది కళ్లు మూసుకుని చూసి "కనపడింది మేడం" అంటారు. మొన్న ట్యాబ్ కెమెరాను ఐపీస్‌కు ఆనించి పట్టుకున్నా. మొదట అంతా నలుపే. అటూ ఇటూ కదుపుతుంటే ఒక్కసారి తెల్లటి గుండ్రం వచ్చింది, అందులో ఇటుకలు పేర్చినట్టు కణాలు, అయోడిన్ చుక్క పట్టి ఒక్కో దాంట్లో ఒక్కో చుక్కలాగా కేంద్రకం. ఫొటో తీసి క్విక్ షేర్‌తో మిగతా ట్యాబ్‌లకు పంపించా. నలుగురైదుగురు ఒక ట్యాబ్ చుట్టూ చేరి వేలు పెట్టి కేంద్రకాలు లెక్కపెట్టారు. చేయి వణికితే బొమ్మ పోతుంది, కాబట్టి ట్యాబ్‌ను ఆనించడానికి కింద పుస్తకాలు పేర్చుకోండి, సరిపడా ఎత్తు రావడానికి మాకు పదో తరగతి పుస్తకాలు ఆరు పట్టాయి.

శనివారం ధ్వని వేగం చేస్తున్నాం. పీఈటీ సారు లాంగ్ జంప్ టేపు ఇస్తానన్నారు. ఆత్మకూరు సార్, థర్మామీటరు నీడలో పెట్టాలా, ఎండలోనా?

ఆత్మకూరు ఫిజిక్స్:
నీడలోనే మేడం, గాలి తగిలేలా, నేలకు ఆనకుండా. ఎంత వచ్చిందో ఇక్కడ పెట్టండి, మా పిల్లలు అడుగుతున్నారు.